ధర పలికింది, మరి హక్కు? – సామియా హలబీ చిత్రం వేలం గురించి

(గ్రంథాలయ మాసాంత సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్రిందటి సభ ముగిసి, చాయ్ తాగుతున్న వేళ ఒక యువకుడు పాత పత్రిక కత్తిరింపు ఒకటి అందరికీ చూపించాడు. ఫలస్తీనా చిత్రకారిణి ఒకరు వేసిన నైరూప్య చిత్రం సౌదీ అరేబియాలో జరిగిన వేలంలో 3,84,000 డాలర్లకు అమ్ముడయిందని అందులో ఉంది. ఎవరో ఫోనులో లెక్కగట్టి మూడు కోట్ల ముప్పయి లక్షల రూపాయలకు పైమాటే అన్నారు. వెంటనే ఒకరు నవ్వి, ఇటువంటి గీతలు మన బోర్డులు రాసే కుర్రవాడు మూడు వందలకు గీస్తాడన్నారు. మరొక పెద్దమనిషి కళ్ళు చెమర్చగా, "అల్‌హందులిల్లాహ్, ఇన్నాళ్ళకు మనవాళ్ళ విలువ తెలిసింది" అన్నారు. తెర వెనుక నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న మాత్రం అక్కడున్న ఎవ్వరమూ తీర్చలేకపోయాము. "మా అమ్మాయి బొమ్మల చదువు చదువుతానంటున్నది. అందులో తిండి లేదని ఒకరు, పాపమని ఒకరు అంటున్నారు. ఈ వార్త మా అమ్మాయి పక్షమా, వ్యతిరేకమా?" అని ఆమె అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని కమిటీ వారు మా మీద పెట్టారు. మేము చిత్రకళా పండితులము కాము. ముప్పయి నాలుగేళ్ళు రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసినవాళ్ళము. అయితే వేలం పాట అంటే ఏమిటో మాకు తెలుసు. చెరువు చేపలకు, చింతచెట్ల కాయకు, సంత వసూళ్ళకు, జప్తు సామానుకు వేలం ప్రకటనలు రాసి రాసి వేళ్ళు కాయలు కాచినవి. కాబట్టి తెలిసిన వైపు నుంచే మొదలుపెడతాము.

ఆ వేలం 2025 ఫిబ్రవరి 8వ తేదీన రియాద్ పక్కనున్న దిరియాలో జరిగింది. సౌదీ రాజ్యం పుట్టిన చోటు అది. అక్కడి మట్టిగోడల తురైఫ్ కోటను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆరుబయట ప్రదర్శనశాలలో సాదబీస్ అనే వేలం సంస్థ ఈ పాట నిర్వహించింది. ఒక అంతర్జాతీయ సంస్థ ఆ రాజ్యంలో వేలం పెట్టడం అదే మొదటిసారి. చిత్రాలు, శిల్పాలతో పాటు నగలు, గడియారాలు, ఆటగాళ్ళ చొక్కాల వంటివి కూడా పాటలో ఉన్నాయి. మొత్తం ఒక కోటి డెబ్బయి లక్షల డాలర్లకు పైగా అమ్మకం జరిగింది. అందులో ఒక వస్తువు సామియా హలబీ 1977లో వేసిన చిత్రం. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'నీలి ఉచ్చు – ఒక రైల్వే స్టేషనులో'. ఆమె చిత్రాల్లో వేలంలో అంతవరకు దేనికీ అంత ధర రాలేదు.

ఇక ఈ 3,84,000 అనే అంకెను విప్పి చూద్దాము. సుత్తి దెబ్బ పడిన ధర 3,20,000 డాలర్లు. మిగిలిన 64,000, అనగా నూటికి ఇరవై వంతున, కొన్నవారు వేలం సంస్థకు అదనంగా చెల్లించే రుసుము. పత్రికలవారు రెండింటినీ కలిపి ధర అని రాస్తారు. మన చెరువు పాటలో పాటదారు ముందుగా ధరావతు కట్టి, పేరు రాయించుకుని నిలబడతాడు. ఇక్కడ సంఖ్య ఉన్న చిన్న పలక ఎత్తుతారు, లేదా ఏ దేశంలోనో కూర్చుని టెలిఫోనులో పాడతారు. సంస్థ ముందుగానే తక్కువ అంచనా ఒకటి, ఎక్కువ అంచనా ఒకటి అచ్చు వేస్తుంది. దీని వెనుక అమ్మకందారుకూ సంస్థకూ మాత్రమే తెలిసిన కనీస ధర ఉంటుంది. పాట అంతవరకు రాకపోతే వస్తువు అమ్ముడు కాదు. హలబీ చిత్రం ఎక్కువ అంచనాను కూడా దాటిపోయింది. అంటే కావాలనుకున్నవారు కనీసం ఇద్దరు, ఒకరిని మించి ఒకరు, పట్టుదలగా పాడారన్నమాట. వేలంలో ధర పెరగడానికి ఒక మనిషి చాలడు, ఇద్దరు కావాలి. మా చెరువు పాటల్లోనూ అంతే. ఊరంతా కూడబలుక్కుని ఒక్కడే పాడినప్పుడు సర్కారుకు దక్కేది చిల్లరే.

అమ్మిన సొమ్ము ఎవరికి చేరుతుంది? చిత్రం ఎవరి స్వాధీనంలో ఉంటే వారికి. వేసిన చేతికి కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. చిత్రకారుడు ఎప్పుడో ఇంటి అద్దె కోసం వందకో రెండు వందలకో అమ్ముకుంటాడు. యాభై ఏళ్ళ తర్వాత అది లక్షలకు పోయినప్పుడు, అతడు బ్రతికే ఉన్నా, పత్రికలో చదివి తెలుసుకోవలసిందే. ఈ అన్యాయాన్ని గమనించి ఫ్రాన్సు 1920లోనే చట్టం చేసింది. తిరిగి అమ్మిన ప్రతిసారీ చిత్రకారునికి, అతని తదనంతరం వారసులకు కొంత వాటా ఇవ్వాలని. బ్రిటన్‌లో 2006లో వచ్చింది. హలబీ నివసించే అమెరికాలో జాతీయ స్థాయిలో ఇటువంటి చట్టం లేదు. మన దేశంలో ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ద్వారా 53-ఎ అనే సెక్షను చేరింది. చిత్రం, శిల్పం, రేఖాచిత్రం, రాతప్రతి వంటి వాటి మూలప్రతిని పదివేల రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్మితే, సృష్టించినవారికి గానీ వారి వారసులకు గానీ వాటా దక్కాలి. అది పది శాతానికి మించరాదు. మన ఇళ్ళలో ఖత్తాతులు, చిత్రకారులు ఉన్నవారు ఈ సెక్షను సంఖ్య రాసిపెట్టుకోవాలి. పుస్తకంలో ఉన్నంతగా ఇది వ్యవహారంలో కనబడదన్న మాట నిజమే. అడిగేవారు లేని హక్కు దస్త్రంలో నిద్రపోతుందని మా ఉద్యోగ జీవితమంతా చూశాము.

ఇప్పుడు ఆ చిత్రకారిణి సంగతికి వద్దాము.

సామియా హలబీ 1936లో జెరూసలేములో, మనం బైతుల్ మఖ్‌దిస్ అని పిలుచుకునే నగరంలో పుట్టారు. సముద్రతీరపు యాఫాలో పెరుగుతుండగా 1948 వచ్చింది. ఏడు లక్షల మందికి పైగా ఫలస్తీనీయులు ఇళ్ళు వాకిళ్ళు వదలవలసి వచ్చిన ఆ నక్బాలో ఈ కుటుంబమూ లెబనాన్ చేరింది. 1951లో అమెరికాకు వెళ్ళారు. అక్కడ మూడు విశ్వవిద్యాలయాల్లో చదివి 1963లో ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి చిత్రకళలో ఉన్నత పట్టా పొందారు. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో పాఠం కూడా చెప్పారు. 1972 నుంచి పదేళ్ళు యేల్ విశ్వవిద్యాలయంలో బోధించారు. అక్కడి చిత్రకళా విభాగంలో పూర్తికాలపు అసోసియేట్ ప్రొఫెసరు పదవి పొందిన మొదటి మహిళ ఆమే.

1966లో ఆమె తూర్పు మధ్యధరా దేశాలకు వెళ్ళి మస్జిదుల గోడల మీది రేఖాగణితాన్ని పరిశీలించారు. ఐరోపా, అమెరికా నైరూప్య చిత్రకళను నేర్చుకున్న మనిషి, దాని మూలాలు తన పుట్టిన ఊళ్ళోనే ఉన్నాయని గుర్తించడానికి అంత దూరం తిరిగి రావలసి వచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఖుబ్బతుస్సఖ్రా, అంటే బంగారు గుమ్మటం ఉన్న ఆ కట్టడంలోని పాలరాతి పొదుగుల నుంచే ఒక చిత్రాల వరుస వేశారు. 1986లో, యాభై ఏళ్ళ వయసులో, ఇంట్లో ఒక చిన్న కంప్యూటరు పెట్టుకుని దానికి ఆజ్ఞలు రాయడం తానే నేర్చుకుని కదిలే చిత్రాలు చేశారు. మాకు కార్యాలయంలో కంప్యూటరు వచ్చిన రోజు దాని మీద గుడ్డ కప్పి పక్కన కూర్చున్నాము. అందుకని ఈ సంగతి మమ్మల్ని ప్రత్యేకంగా సిగ్గుపరిచింది.

వేలంలో అమ్ముడైన చిత్రం ఆమె యేల్‌లో పనిచేస్తున్న రోజులది. ఆ దశకంలో ఆమె వాలు పట్టీల మీద వరుసగా పనిచేశారు. మనుషులు లేరు, చెట్టు లేదు, రైలు కూడా లేదు. పట్టీలు ఏటవాలుగా పోతుంటాయి. ఒక రంగు మరొక రంగులోకి లోహపు గొట్టం మీద వెలుగు జారినట్లు జారుతుంది. రైల్వే స్టేషను ఎక్కడ అని మా మనవడు అడిగాడు. ఖాజీపేట జంక్షన్‌లో రాత్రిపూట పట్టాలు ఒకదానిలోకి ఒకటి దూరి విడిపోవడం చూశావు కదా, అక్కడ నీలపు దీపం వెలిగిందనుకో అన్నాము. "మరి ఉచ్చు?" అన్నాడు. పదకొండేళ్ళ వయసులో ఊరు వదిలిన మనిషికి ప్రయాణమే ఉచ్చు అయి ఉండవచ్చు అనుకున్నాము గాని పిల్లవాడికి చెప్పలేదు. ఆమె అలా అన్నారని మేము చెప్పడం లేదు. ఇది మా ఊహ.

ఇక అసలు విషయం. ఆమె మొత్తం జీవితపు పనిని ఒకచోట చూపే పెద్ద ప్రదర్శన అమెరికాలో అంతవరకు జరగలేదు. తాను చదివిన ఇండియానా విశ్వవిద్యాలయపు ఎస్కెనాజీ కళా మ్యూజియం దానికి పూనుకున్నది. మూడేళ్ళు సన్నాహాలు జరిగాయి. 2024 ఫిబ్రవరిలో తెరవాలి. 2023 డిసెంబరులో, గాజాలో యుద్ధం మొదలై మూడో నెల నడుస్తుండగా, ప్రదర్శన రద్దయిందని ఆమెకు రెండు వాక్యాల ఉత్తరం అందింది. ప్రదర్శన జరిగినన్నాళ్ళూ దాని సమగ్రతకు హామీ ఇవ్వలేమన్నది విశ్వవిద్యాలయం వారు తర్వాత చెప్పిన కారణం. ఫలస్తీనా ప్రజల పక్షాన ఆమె బహిరంగంగా రాసిన మాటలే అసలు కారణమని ఆమె, ఆమె సమర్థకులు అన్నారు. వేలమంది సంతకాలు చేసి విన్నపం పంపారు. ఉత్తర్వు మారలేదు. రద్దయిన చిత్రాల్లో అత్యధికం ఎవరినీ ఏమీ అనని రంగులు, గీతలు అని గమనించాలి. అడ్డగించవలసిన మాట బట్ట మీద లేనప్పుడు, అడ్డగించబడింది వేసిన మనిషే.

ఉత్తర్వులు రాసే బల్ల దగ్గర ముప్పయి నాలుగేళ్ళు కూర్చున్నవాళ్ళము కాబట్టి ఒక మాట చెప్పగలము. కారణం ఉన్నప్పుడు ఉత్తర్వు పొడవుగా ఉంటుంది. సెక్షన్లు, తేదీలు, దస్త్రపు సంఖ్యలు ఉంటాయి. కారణం చెప్పుకోలేనప్పుడే రెండు వాక్యాలతో సరిపెడతారు.

అదే 2024లో రెండు సంగతులు జరిగాయి. ఏప్రిల్‌లో వెనిస్ నగరపు బినాలె అనే ప్రపంచ కళా ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఆమెకు ప్రత్యేక ప్రశంస ప్రకటించారు. వేసవిలో ఆమె చదివిన మరొక విద్యాలయం, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ, తన మ్యూజియంలో ఆమె చిత్రాల ప్రదర్శన తెరిచింది. ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో దిరియా వేలం. ఒక తలుపు మూసుకున్న ఏడాదికి మరొకచోట సుత్తి పడింది. అప్పటికామె వయసు ఎనభై ఎనిమిది.

మన పెద్దమనిషి అన్నట్లు ఆమె విలువ తెలిసిందనుకుందామా? ఆయన సంతోషాన్ని తప్పు పట్టము. కాని మూడు కోట్ల రూపాయలు వచ్చినంత మాత్రాన ఆ రద్దు ఉత్తర్వు రద్దు కాలేదు. ఆ విశ్వవిద్యాలయంలో చదివే ఏ అరబ్ పిల్లా ఆ చిత్రాలను ఆ గోడల మీద చూడలేదు. వేలంలో కొన్న చిత్రం ఒక ఇంటి గోడ మీదికో గిడ్డంగిలోకో పోతుంది. ప్రదర్శన అయితే అది వేలమంది కళ్ళలోకి పోయేది. ధర అనేది కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య కుదిరిన మాట. మనిషికి తన పనిని నలుగురి ముందు నిలిపే హక్కు ఉన్నదా లేదా అన్నది వేరొక దస్త్రం. ఈ రెండు దస్త్రాలనూ ఒకే కట్టలో కట్టేస్తే, రెండోది ఎప్పటికీ పైకి రాదు.

అదే దిరియా వేలంలో మరొక చిత్రం ఉంది, చూడండి. సిరియా చిత్రకారుడు లుఅయ్ కయ్యాలీ 1965లో వేసినది, పేరు 'తర్వాత ఏమిటి?' అని. ఇది నైరూప్యం కాదు. ఊరు విడిచిన స్త్రీలు, పిల్లలు కనబడతారు. తొమ్మిది లక్షల డాలర్లకు పోయింది. కయ్యాలీ మనోవ్యాధితో బాధపడి, 1967లో తన చిత్రాలను తానే నాశనం చేసుకుని, 1978లో మంచం మీద నిప్పంటుకుని గాయాలతో మరణించారు. నలభై నాలుగేళ్ళే బ్రతికారు. పాట పాడిన రాత్రి ఆయన లేరు.

ఇక్కడ మా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. చెప్పకుండా ఇతరుల వేలం గురించి మాట్లాడే అర్హత మాకు లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పట్టణంలో పనిచేస్తుండగా అప్పు బకాయి కింద ఒక ముసలి కాతిబ్ ఇంటి సామాను జప్తు చేశారు. జాబితా రాసే పని మాది. రెండు పెట్టెలు, ఒక కుట్టు మిషను, ఇత్తడి పాన్‌దాన్, గోడ గడియారం. గోడ మీద అద్దం ఫ్రేములో ఒక కాగితం వేలాడుతున్నది. కాగితమంతా నల్లటి సిరాతో అక్షరం మీద అక్షరం, దాని మీద మరొక అక్షరం. ఒక్క ముక్క చదవడానికి వీలులేదు. "ఇందులో ఏమి రాసి ఉంది చాచా?" అని అడిగాము. "ఏమీ లేదు సాబ్, హర్ఫులే. మా నాన్న మష్ఖ్ చేసినది" అన్నాడు. మేము జాబితాలో "చదవ వీలుకాని పాత కాగితము, ఫ్రేముతో – 1 – రూ. 5" అని రాశాము. ఐదు రూపాయలు అద్దానికి. వేలంలో పాత సామాను కొనేవాడు ఎనిమిది రూపాయలకు పాడి, అక్కడే మెట్ల మీద కూర్చుని మేకులు ఊడదీసి, కాగితం ఒక పక్క పడేసి, అద్దం గోనెసంచిలో పెట్టుకున్నాడు. ముసలాయన వచ్చి కాగితం ఏరుకున్నాడో లేదో చూడకుండా మేము తరువాతి వస్తువుకు కేక వేయించాము.

చాలా ఏళ్ళకు, పదవీ విరమణ తర్వాత, ఒక ఉర్దూ పుస్తకంలో చదివి తెలుసుకున్నాము. దానిని సియాహ్ మష్ఖ్ అంటారు. ఇరాన్‌లో, మన దేశంలో నస్తలీఖ్ ఉస్తాదులు కాగితం నల్లబడేదాకా అక్షరాల మీద అక్షరాలు రాసి చేయి కుదుర్చుకునేవారు. క్రమంగా ఆ అభ్యాసపు కాగితాన్నే ఒక కళగా భావించి, దస్తఖతు చేసి భద్రపరిచారు. అర్థం చదవడానికి కాక, అక్షరపు నడకను చూడడానికి. ఇరవయ్యవ శతాబ్దంలో అరబ్ దేశాల చిత్రకారులు ఈ దారినే ఆధునిక చిత్రంగా మలిచారు. ఇరాక్ చిత్రకారిణి మదీహా ఉమర్ 1940 దశకంలోనే అరబీ అక్షరాన్ని పదం నుంచి విడదీసి బట్ట మీద పెట్టారు. బాగ్దాద్‌లో షాకిర్ హసన్ అల్ సయీద్ 1971లో 'ఏక పరిమాణం' అనే బృందాన్ని నిలబెట్టారు. హర్ఫు నుంచి వచ్చింది కాబట్టి ఈ ధోరణికి హురూఫియ్యా అని పేరు. ఈ చిత్రాలు నేడు దుబాయిలో, లండన్‌లో వేలానికి వస్తాయి. మేము ఐదు రూపాయలు రాసిన కాగితం వాటితో సమానమని చెప్పడం లేదు. తూచే త్రాసు కూడా లేకుండా ధర రాశామని చెబుతున్నాము.

అందుకని, బోర్డులు రాసే కుర్రవాడు మూడు వందలకు గీస్తాడన్న సోదరునికి మా మనవి. నైరూప్యం అనేది పరాయివారు తెచ్చిన వింత కాదు. ఖుబ్బతుస్సఖ్రా కట్టి పదమూడు వందల ఏళ్ళు దాటింది. దాని గోడల మీద తీగలు, ఆకులు, అక్షరాలే గాని ప్రాణి బొమ్మ లేదు. అంత దూరం వద్దు. హైదరాబాదు బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో కుతుబ్‌షాహీల నాటి పెంకుల పనిని నిలబడి చూడండి. పసుపు, నీలం షట్కోణాలు ఒకదానినొకటి పట్టుకుని గోడంతా పాకుతాయి. గోల్కొండ గుమ్మటాల నల్లరాతి సమాధుల మీద అక్షరాలు అల్లుకున్న తీరు చూడండి. ఏమిటి దీని అర్థం అని అక్కడ మనం అడగము. కన్ను విశ్రాంతి పొందుతుంది, మనసు నిలుస్తుంది, ముందుకు నడుస్తాము. అదే పని బట్ట మీద, తన పేరుతో, ఒక స్త్రీ చేస్తే మాత్రం అర్థం చెప్పమని నిలదీస్తాము.

పాపమా కాదా అన్నది ఉలమాలను అడగవలసిన విషయం; గుమాస్తా ఫత్వా ఇవ్వడు. ప్రాణుల బొమ్మల విషయంలోనే ప్రధానంగా చర్చ ఉన్నదనీ, రేఖలు, అక్షరాలు, ఆకులు, లతల విషయంలో మన పూర్వీకుల మస్జిదులే సాక్ష్యమనీ మాత్రం గుర్తు చేస్తాము.

దూరదేశపు కథ చెప్పి ఊరుకుంటే మనం మన ఇల్లు మరిచినట్లవుతుంది. దిరియా వేలం జరిగి ఆరు వారాలు నిండకుండానే, 2025 మార్చి 19న, న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థ వేలంలో మక్బూల్ ఫిదా హుసేన్ 1954లో వేసిన 'గ్రామయాత్ర' 1.37 కోట్ల డాలర్లకు, అనగా సుమారు 118 కోట్ల రూపాయలకు పోయింది. భారతీయ ఆధునిక చిత్రాల్లో వేలంలో అప్పటికి అంత ధర దేనికీ రాలేదు. హైదరాబాదుతో ఆయన అనుబంధం మీకు తెలుసు. సినిమా ఘర్ అనే చిత్రశాలను ఇక్కడ నెలకొల్పిన మనిషి. కేసులు, బెదిరింపుల మధ్య 2006లో దేశం విడిచారు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నారు. 2011లో లండన్‌లో కన్నుమూశారు, అక్కడి మట్టిలోనే కలిశారు. ఆయన విషయంలో మన చేతులూ పూర్తిగా శుభ్రం కావు. 2004లో ఆయన సినిమాలోని ఒక పాట మీద అభ్యంతరం లేవదీసి, ఆ సినిమా ఆడకుండా చేసిన వారిలో మనవాళ్ళ సంస్థలున్నాయి. 118 కోట్లు పలికిన రోజు పత్రికలన్నీ దేశం గర్వించిందని రాశాయి. 2006 సంగతి చివరి పేరాలో ఉంది, కొన్నింటిలో అదీ లేదు.

ఆ చిత్రం విషయంలో మాకు నచ్చిన అంశం మరొకటి ఉంది. 1954లోనే దానిని కొన్న ఒక వైద్యుడు నార్వే దేశపు ఓస్లో ఆసుపత్రికి వదిలిపెట్టాడు. దశాబ్దాల పాటు అది అక్కడే ఉన్నది. అమ్మిన సొమ్ము వైద్యుల శిక్షణకు వినియోగిస్తామన్నారు. వేలం సొమ్ము వెళ్ళదగిన చోట్లు కూడా లోకంలో ఉన్నాయని చెప్పడానికి ఇది చెప్పాము.

ఇక చెల్లెమ్మ ప్రశ్న. ఈ వార్త మీ అమ్మాయి పక్షమూ కాదు, వ్యతిరేకమూ కాదు తల్లీ. మూడు కోట్ల ఆశతో చదివించవద్దు. హలబీ కూడా వేలాల మీద బ్రతకలేదు. పాఠం చెప్పి జీతం తీసుకుని, మిగిలిన వేళల్లో చిత్రాలు వేశారు. మీ అమ్మాయికీ చదువుతో పాటు పాఠం చెప్పే అర్హత వస్తుంది. పుస్తకాలకు బొమ్మలు, బట్టలకు నమూనాలు, అక్షరాల రూపకల్పన వంటి పనులు దొరుకుతాయి. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. ప్రవేశపరీక్ష ఉంటుంది, చేయి చూపించాలి. దరఖాస్తు నింపడం, ఆదాయ ధ్రువపత్రం, స్కాలర్‌షిప్ కాగితాలు మేము చూసుకుంటాము. అది మా వృత్తి. పిల్ల వేసినవి పదో పన్నెండో తీసుకుని వచ్చే శుక్రవారం తర్వాత గ్రంథాలయానికి పంపండి. తండ్రి కూడా వస్తే మంచిది. ఒకటి మాత్రం ఇప్పటి నుంచే అలవాటు చేయండి. వేసిన ప్రతి కాగితం వెనుక పేరు, తేదీ, ఊరు రాయించండి. ఎవరికి ఇచ్చినా, అమ్మినా ఒక చిన్న రసీదు ఉంచండి. ఇందాక చెప్పిన 53-ఎ సెక్షను ఎప్పుడైనా అక్కరకు వస్తే, నిలబడేది ఆ రసీదు మీదే.

కమిటీ వారితో మాట్లాడి ఒక చిన్న పని మొదలుపెట్టాము. మన పేటలో ఉర్దూ పత్రికలకు, పెళ్ళి కార్డులకు, మస్జిదు పలకలకు రాసిన కాతిబుల కుటుంబాలు మాకు తెలిసి పదకొండు ఉన్నాయి. కంప్యూటరు వచ్చాక వారి కలాలు అటకెక్కాయి. ఆ ఇళ్ళలోని పటాలు, మష్ఖ్ కాగితాలు, కలందాన్‌లు ఏమేమి ఉన్నవో రాసుకుంటాము. తీసుకుపోము. ఎవరి వస్తువు వారి ఇంట్లోనే ఉంటుంది. ఎవరు రాశారు, ఎప్పుడు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది అన్నవి మాత్రం రిజిస్టరులో ఎక్కుతాయి. ఫొటోలు తీయడానికి కత్తిరింపు తెచ్చిన ఆ యువకుడే ఒప్పుకున్నాడు. దయచేసి పాత సామాను వాడికి ఫ్రేములు వేసే ముందు ఒక్కసారి మాకు చూపించండి.

రిజిస్టరు ఆ తలుపు పక్కన బల్ల మీద ఉన్నది, పక్కనే కలం ఉన్నది. మొదటి పేజీలో మా తాతగారి చేతిరాత పటం ఒకటి ఎక్కించాము. మిగిలిన పేజీలు ఖాళీ. అస్ర్ అజాన్‌కు ఇంకా పావుగంట ఉన్నది కనుక, ఈలోగా పేర్లు రాయదలచినవారు రాయవచ్చు.